నిలువు గీత

స్టార్ట్ చేయకండి, అన్నాను.
డాక్టరమ్మ వేలు అప్పటికే తాళం తిప్పేసింది.

టక్ టక్ టక్...
గోటితో కంచం అంచు కొట్టినట్టు
సన్నగా, ఎడమవైపు నుంచి.
"టాపెట్టే" అన్నాడు ఏళుమలై అన్న
టీ గ్లాసు దించకుండానే.
ముప్పై ఏళ్ల చెవి అది.
దానికి ఎదురు చెప్పేవాళ్లు గిండీ ఎస్టేట్‌లో లేరు.

నేను వెనక్కి వెళ్లి వంగి చూశాను.
రెండు పొగగొట్టాలు.
కుడిది బూడిద, ఎడమది కాటుక.
తుడిస్తే వేలికి జిడ్డుగా అంటింది.
నూనె తాగుతోంది ఈ పక్క.
స్కానర్ మాత్రం ఏమీ ఎరగనట్టు
తప్పులు సున్నా అంటోంది.

ఇంజను చల్లారేదాకా ఆగాం.
మే నెల మద్రాసులో ఇనుము చల్లారడమంటే
సాయంత్రం సముద్రపు గాలి వచ్చేదాకా అని.

ఆరో ప్లగ్గు విప్పి
పురికొసంత కెమెరాను లోపలికి వదిలాను.
పిస్టన్ తల, మసి, గుండ్రటి చీకటి.
మొన వంచి గోడకేసి తిప్పాను.

అక్కడున్నాయి.
పైనుంచి కిందికి నిలువునా
పిల్లి గీరినట్టు నాలుగు,
ఐదోది మొదలవుతూ.

వేదవల్లి గారు నా భుజం మీదుగా చూశారు.
కీల్పాక్‌లో పళ్ల డాక్టరు,
రోజంతా ఇలాంటి దీపాలే నోళ్లలోకి దించే మనిషి.
"ఎంత లోతు?" అన్నారు, అంతే.
ఏళుమలై అన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

"రోజూ బయటికి తీస్తారా?"
"ఆదివారాలే.
మిగతా రోజుల్లో సెల్లార్‌లో
రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తాను,
పాడవకుండా."

పాడవకుండా.
కాసేపు నాకు చేతిలోని స్పానర్ కనిపించలేదు.
వేడెక్కని ఇంజనులోకి పెట్రోలు ఎక్కువ దిగుతుందని,
గోడ మీది నూనె పొరను అది కడిగేస్తుందని,
ఆ ఒట్టి గోడనే పిస్టన్ ఒరుసుకుంటుందని
ఎలా చెప్పడం?
పరుగు వల్ల కాదమ్మా ఈ దెబ్బ, అనబోయి
"ఇంజెక్టర్ కారుతుండొచ్చు, చూద్దాం" అన్నాను.
అబద్ధం కాదు.
విప్పాక చూస్తే నిజంగానే కారుతోంది.

ఇంజను దించడానికి రెండు రోజులు.
బోల్టులన్నీ పాత ఇడ్లీ రేకుల్లో,
గుంటకో సిలిండరు చొప్పున.
ఆరో పిస్టన్ నడుము మీద పూత లేచిపోయి
కోరిన కొబ్బరి చిప్పలా ఉంది.

అంబత్తూరులో దేవసహాయం గారి షెడ్డు.
గేజ్ దించి ముల్లు చూసి
వెంట్రుకలో సగం, అన్నాడు తమిళంలో,
తరవాత నాకోసం తెలుగులో.
"ఆరోది ఒక్కటే చేస్తే?"
"ఆరుగురు మోసే పల్లకీలో
ఒకడికే కొత్త కాళ్లు పెడతావా?"

ఆరూ తొలిచాడు.
దిమ్మెను పొయ్యిలో కాల్చి,
ఉక్కు స్లీవులను పొడిమంచులో ముంచి,
సుత్తి తగలకుండా జార్చాడు.
మళ్లీ తొలిస్తే గోడలు అద్దాలయ్యాయి.
"అయిపోయిందా?"
"అద్దం మీద నూనె నిలుస్తుందా?" అన్నాడు.

హోనింగ్ రాళ్లు తిరుగుతూ దిగి
తిరుగుతూ లేచాయి.
అద్దం మీద ఏటవాలు గీతలు,
ఇటునుంచి అటు, అటునుంచి ఇటు,
చాప అల్లినట్టు.
గీతలు పడ్డాయని తెచ్చినదానికి
డబ్బిచ్చి మరీ గీతలు పెట్టించి
మినీ లారీలో వెనక్కి తీసుకొచ్చాను.

బండి అప్పగించేటప్పుడు ఒక్కటే చెప్పాను.
ఊరికే స్టార్ట్ చేయొద్దు.
చేస్తే శ్రీపెరంబుదూరు దాకా వెళ్లి రండి.
"పేషెంట్లో?"
నాకేం తెలుసు. చేతులు తుడుచుకున్నాను.

ఆడి నెలలో ఆయిల్ మార్చడానికి వచ్చారు,
బుధవారం, మధ్యాహ్నం మూడింటికి.
బంపరు నిండా హైవే పురుగులు,
అద్దం మీద ఎక్కడిదో ఎర్రమట్టి.
ఏళుమలై అన్న పొడుగు స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి
చాలాసేపు విన్నాడు.
ఏమీ అనలేదు.
మా ముగ్గురికీ టీ చెప్పాడు.

నేను మళ్లీ వంగి
రెండు గొట్టాల్లో రెండు వేళ్లు పెట్టి
పక్కపక్కన చూసుకున్నాను.